రెండో వాయి చేప పచ్చడి

పీహెచ్ మీటరు మీద అంకె కాసేపు అటూ ఇటూ ఊగి ఐదు పాయింట్ రెండు దగ్గర నిలబడింది. ఫిజా దాన్ని నమ్మలేదు. ఎలక్ట్రోడ్‌ని నీళ్ళతో కడిగి, మెత్తటి కాగితంతో అద్ది, మళ్ళీ ముంచింది. ఐదు పాయింట్ మూడు. ఇంకో సీసా మూత తీసి, చేప ముక్కా గుజ్జూ కలిపి మిక్సీలో మెత్తగా చేసి, అందులో ముంచింది. మళ్ళీ ఐదు పాయింట్ రెండే.

నెల కిందట మొదటి వాయి పచ్చడికి నాలుగు పాయింట్ ఒకటి వచ్చింది. పులుపు తగ్గేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది, నాలుగు పాయింట్ ఆరు దాటకూడదని పుస్తకంలో ఉంది. దాన్ని ఫిజా రెండు మార్కుల ప్రశ్నకి జవాబుగా రెండుసార్లు పరీక్షలో రాసింది కూడా. రాసిన ప్రతిసారీ మార్కులు పడ్డాయి.

ల్యాబులో వెనక నుంచి ఆహార భద్రత చెప్పే రాజకుమారి మేడమ్ వచ్చి కళ్ళజోడు సవరించుకుని అంకె చూసింది. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచి ఎరగదు.

"ఈ వాయి ఎన్ని సీసాలు చేశారమ్మా?"

"నలభై అండి."

"ఎక్కడున్నాయి?"

"నాలుగు ఇక్కడ ఉంచాను మేడమ్. మిగిలినవి షాపుల్లో పెట్టాం. ఏలూరులో ఇరవై, గూడెంలో పదహారు."

"పరీక్ష చెయ్యకుండానే పెట్టేశారా?"

రికార్డు పుస్తకంలో రెండో వాయి ఎదురుగా ఆమ్లత రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. ఆ ఖాళీ గడి కేసి మేడమ్ చూసింది, ఫిజా కూడా చూసింది.

ఫిజా చదువుతున్నది రెండు చదువులు కలిపిన కోర్సు. తాడేపల్లిగూడెం శివార్లలోని ఆ కాలేజీలో దాన్ని కొత్తగా పెట్టారు. రైతు సరుకుని ఎవరికి, ఎక్కడ, ఎలా అమ్మాలో ఒక డిపార్ట్‌మెంటు చెబుతుంది. ఆ సరుకు చెడకుండా, తిన్నవాళ్ళకి కీడు జరక్కుండా ఎలా చూడాలో ఇంకో డిపార్ట్‌మెంటు చెబుతుంది. రెండు భవనాలకీ మధ్య పెద్ద కొబ్బరితోట. పిల్లలు పొద్దున్న అటు, మధ్యాహ్నం ఇటు నడుస్తారు గానీ మాస్టార్లు మాత్రం ఒకరి భవనంలోకి ఒకరు రావడం అరుదు.

ఏలూరు నుంచి రోజూ పాసింజరు బండిలో వచ్చి వెళ్ళే ఫిజాకి మొదట్నుంచీ మార్కెటింగ్ అంటేనే ఇష్టం. తండ్రి జిలానీ ముప్పై ఏళ్ళు తివాచీ మగ్గం మీద కూర్చున్నవాడు. నెయ్యడం తెలిసింది గానీ అమ్మడం తెలియలేదమ్మా, అందుకే మగ్గం మూలపడింది అని ఎప్పుడూ అంటుండేవాడు. ఆ మాట వింటూ పెరిగిన పిల్ల కాబట్టి, చివరి ఏడాది ప్రాజెక్టుకి ఏదైనా చక్కగా తయారుచేస్తూ అమ్ముకోలేకపోతున్న మనుషుల్ని వెతుక్కుంది. అలా దొరికింది మార్తమ్మ.

మార్తమ్మది కొల్లేటి లంకల్లో ఒక చిన్న ఊరు. మూడేళ్ళ కిందట ప్రభుత్వం కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు, ఆ చెరువుల మీద కూలికి పోయే ఆడవాళ్ళందరికీ ఒక్కసారే పని పోయింది. మార్తమ్మ మరో ఎనిమిదిమందిని పోగేసి సంఘం పెట్టి కొరమీను పచ్చడి మొదలుపెట్టింది. పచ్చడి బాగుండేది. కానీ చర్చి పండగలకీ, కైకలూరు సంతకీ తప్ప ఎక్కడికీ పోయేది కాదు.

ఫిజా మంచి సీసాలు, లేబుళ్ళు తెచ్చింది. ఏలూరులోనూ గూడెంలోనూ వందమందికి రుచి చూపించి అభిప్రాయాలు రాసుకుంది. అరవై మందికి పైగా ఒకటే మాట అన్నారు: ఉప్పు, పులుపు ఎక్కువగా ఉన్నాయి. మార్కెటింగ్ చెప్పే నరసింహమూర్తి సారు ఆ కాగితాలు చూసి సంబరపడ్డాడు.

"చూశావా? జనం నాలుక చెప్పింది వినాలమ్మా. నా నాలుకా, నీ నాలుకా కాదు. నిమ్మరసం, ఉప్పు సగానికి తగ్గించి చూడండి."

మార్తమ్మ మాత్రం నిమ్మకాయలు కోస్తూ కోస్తూ ఆగిపోయింది. "మా అమ్మ కాణ్ణుంచీ ఇంతే పోత్తన్నామండి ఫిజమ్మగారూ. తగ్గిత్తే నిలవుంటాదంటారా?"

"ఉంటుందండి మార్తమ్మగారూ. పైన అంత నూనె ఉందిగా, లోపలికి గాలి పోదు" అంది ఫిజా.

రెండో వాయి తయారైన వారం పీహెచ్ మీటరు ఎలక్ట్రోడ్ పాడైపోయింది. కొత్తది హైదరాబాదు నుంచి రావాలన్నారు. ఒకసారి కొన్నవాళ్ళు మళ్ళీ ఎంతమంది కొన్నారో నెలాఖరుకల్లా లెక్క కావాలని సారు తొందరపెడుతున్నాడు. మీటరు వచ్చాక చూద్దాంలే అనుకుని, గడి ఖాళీగా వదిలి, ఫిజా సీసాలు షాపులకి పంపేసింది. లేబులు మీద ఎర్రక్షరాలతో తనే రాయించింది: ఉప్పు తక్కువ, పులుపు తక్కువ, ఇంట్లో అందరికీ.

"కూర్చో" అంది రాజకుమారి మేడమ్, రికార్డు పుస్తకం మూసి. "పైన నూనె ఉంది, గాలి పోదనుకుంటారే, చిక్కంతా అక్కడే ఉంది. గాలి లేకుండా, పులుపు చాలకుండా, ఉప్పూ తగ్గితే ఒకరకం సూక్ష్మజీవి లోపల పెరగొచ్చు. పెరిగితే అది విషం చేస్తుంది. రంగు మారదు, వాసన రాదు. తిన్న మనిషికి మొదట చూపు మసకబారుతుంది, ఒకటి రెండుగా కనిపిస్తాయి. రెప్పలు వాలిపోతాయి. మింగుడు పడదు. తరవాత ఊపిరి ఆడదు."

"ఈ సీసాల్లో అది ఉందంటారా మేడమ్?"

"ఉందో లేదో నాకు తెలీదు. ఉండడానికి వీలుంది. అది చాలు. వెళ్ళి అన్నీ వెనక్కి తీసుకురా. అమ్మినవి కూడా."

కొబ్బరితోట దాటి నరసింహమూర్తి సారు గదికి వెళ్ళి ఫిజా జరిగింది చెప్పింది. సంగతంతా విని ఆయన పేపరువెయిటు పక్కకి జరిపాడు.

"ఎవరికైనా ఏమైనా అయిందా?"

"తెలీదు సార్."

"వెనక్కి తేవాల్సిందే, కాదనను. కానీ కారణం చెప్పకు. స్టాకు మారుస్తున్నాం, కొత్త సీసా ఇస్తాం అను. చేప పచ్చడిలో విషం అంట అని ఒక్క మాట ఊళ్ళో పడిందంటే ఆ తొమ్మిదిమంది ఆడవాళ్ళ పచ్చడి మళ్ళీ ఎవరూ ముట్టుకోరు. అది ఆలోచించు."

ఆ మాటలో నిజం లేకపోలేదు. ఫిజా తలూపి బయల్దేరింది.

గూడెం బజారులో నరేంద్ర అనే ఆయన షాపులో పదహారుకి తొమ్మిది మిగిలాయి. స్టాకు మారుస్తున్నామండి అంటే ఆయన ఏమీ అడక్కుండా అట్టపెట్టెలో సర్ది ఇచ్చేశాడు. కొన్నవాళ్ళు నింపిన కార్డులు కూడా ఇచ్చాడు. సర్వే కోసమని ప్రతి సీసాతో ఫిజా ఒక కార్డు పెట్టింది. పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఎందుకు కొన్నారు. ఆ కార్డులు ఇలా పనికొస్తాయని అప్పుడు అనుకోలేదు.

షాపు మెట్ల మీద నిలబడే మొదటి నంబరుకి ఫోన్ చేసింది. ఎవరో రిటైరైన టీచరమ్మ ఎత్తింది.

"పచ్చడి సీసా మారుస్తారా? ఎందుకమ్మా, చాలా బాగుంది. సగం పైనే తిన్నాం."

"కొత్త స్టాకు వచ్చిందండి. పాతది ఇచ్చేస్తే కొత్తది ఇస్తాం."

"పర్లేదులేమ్మా, ఇదే బాగుంది. అయిపోయాక వచ్చి కొంటాంలే. మా మనవడు ఇప్పుడే పెరుగన్నంలో వేయించుకుంటున్నాడు, ఉంటానే."

"ఆపండి" అంది ఫిజా. అంత గట్టిగా అన్నందుకు తనే ఉలిక్కిపడింది. షాపులోంచి నరేంద్ర తొంగి చూశాడు. "క్షమించండి. ఆ పచ్చడి బాబుకి పెట్టకండి. ఎవరూ తినకండి. మేము పులుపు తగ్గించడంలో పొరపాటు చేశాం. అందులో విషం పుట్టే అవకాశం ఉందని ఇవాళ పరీక్షలో తెలిసింది. మీకు గానీ, బాబుకి గానీ చూపు మసగ్గా ఉండటం, మింగడం కష్టమవడం లాంటివి ఏమైనా ఉన్నాయా అండీ?"

అవతల నుంచి కంచం తీసిన చప్పుడు, పిల్లాడి ఏడుపు వినిపించాయి. "ఏమీ లేవు" అంది టీచరమ్మ. "ఇది ముందే చెప్పకుండా స్టాకు, గీకు అంటావేంటమ్మా?"

ఆ తరవాత మిగిలిన కార్డులవాళ్ళందరికీ ఫోన్ చేసి సీసాలు షాపుకి తెచ్చిమ్మన్నప్పుడు ఫిజా ఎవరికీ స్టాకు అని చెప్పలేదు. నరేంద్రకి కూడా తిరిగి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన మొహం చిన్నబోయింది. మళ్ళీ సరుకు పెట్టకండి అమ్మాయ్ అని మాత్రం అన్నాడు.

సాయంత్రానికి ఏలూరు చేరింది. అక్కడ సీసాలు పెట్టిన బేకరీ నవీద్‌ది. వాళ్ళ వీధివాడే, చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడే. ఇరవైలో పద్నాలుగు మిగిలాయి. కొన్న ఆరుగురిలో ఐదుగురు దొరికారు. ఒకాయన సీసా తెచ్చి బల్ల మీద పెట్టి, పచ్చడి తిన్నప్పట్నుంచీ తన కడుపు అదోలా ఉందనీ, ఏమైనా అయితే ఊరుకోననీ అరిచాడు. నవీద్ తల పట్టుకున్నాడు.

"మీ నాన్న మొహం చూసి పెట్టుకున్నాను ఫిజా. ఇప్పుడు నా కేకులు కూడా ఎవరూ కొనరు."

ఫిజా చేతిలో చివరి కార్డు ఒకటి మిగిలింది. అందులో ఫోన్ నంబరు లేదు. నాగవల్లి, ముదినేపల్లి. ఎందుకు కొన్నారు అన్నదానికి ఎదురుగా గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: ఉప్పు తక్కువ కాబట్టి.

"ఈవిడ గుర్తుందా అన్నా?"

నవీద్ గుర్తు తెచ్చుకున్నాడు. "కడుపుతో ఉన్నావిడ. నెలలు నిండేట్టే ఉంది. అత్తగారితో పెద్దాసుపత్రికి వచ్చి, బస్సుకి టైముందని ఇక్కడ బన్ను తింది. తొమ్మిది పది రోజులైంది. డాక్టరు ఉప్పు తినొద్దన్నాడంట, చప్పిడి తినలేక చస్తున్నానంది. లేబులు చదివి తనే అడిగి తీసుకుంది."

ఇంట్లో తల్లి షంషున్నీసా అన్నం పెడితే ఫిజా రెండు ముద్దలు తిని లేచిపోయింది. గొంతులో ముద్ద ఆగినట్టనిపించి, తనూ ఆ పచ్చడి రుచి చూశానని గుర్తొచ్చి, అద్దం దగ్గరికెళ్ళి రెప్పలు చూసుకుంది. షంషున్నీసా వెనకాలే వచ్చి నిలబడింది.

"ఆవిడకి ఏం కాలేదేమోలేమ్మా."

"ఏమైనా అయ్యుంటే అమ్మీ?"

పొద్దున్నే లేపుతాను, మొదటి బస్సుకి వెళ్ళు అంది తల్లి.

కైకలూరు బస్సు కొల్లేటి మధ్యలోంచి పోతుంటే కిటికీ పక్కన ఎర్రకాళ్ళ కొంగలు, దోనెలు, విరిగిన గట్లు వెనక్కి పోతున్నాయి. ఇంకెప్పుడైనా అయితే ఫిజా వాటిని చూస్తూ కూర్చునేది. ఆ రోజు ఆమె రోజులు లెక్కపెట్టింది. తిన్న ఒకటి రెండు రోజుల్లో లక్షణాలు రావచ్చు, ఒక్కోసారి వారం పది రోజులు కూడా పట్టొచ్చు. ఏమీ కాకుండా ఉండాలంటే ఆవిడ తినకుండా ఉండాలి. చప్పిడి తినలేని మనిషి తినకుండా ఎందుకుంటుంది?

కైకలూరులో దిగి ఆటో పట్టుకుని ముదినేపల్లి చేరింది. నాగవల్లి అని పేరు మాత్రమే తెలిస్తే ఇల్లు ఎలా దొరుకుతుంది? బస్టాండులో ఇద్దరిని అడిగింది, తెలీదన్నారు. అప్పుడు కడుపుతో ఉన్నవాళ్ళ పేర్లు అంగన్‌వాడీలో రాసి ఉంటాయని తట్టింది. అంగన్‌వాడీ టీచరు కనకమ్మ రిజిస్టరు తియ్యకుండానే చెప్పింది.

"నాగవల్లా? చేపల లారీ నడిపే అతని భార్యండి. ఎనిమిదో నెల. రండి, నేనూ వత్తాను. ఈ వారం తూకానికి రాలేదు కూడాను."

ఇల్లు కాలవ గట్టు పక్కన. వాకిట్లో అత్తగారు వెంకటనరసమ్మ బియ్యం చెరుగుతోంది. ఫిజా తనెవరో, ఎందుకొచ్చిందో ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆవిడ చేట పక్కన పెట్టింది.

"ఆ పచ్చడేనా? రోజూ అదే వేసుకుంటందండి, ఉప్పు తక్కువంట కదా అని. నేనూ తిన్నాను, నాకేం కాలేదు."

"మీ కోడలు గారు బాగున్నారా అండీ?"

"పడుకుంది. నిన్నట్నుంచీ తలనొప్పంటంది. కళ్ళు మసకలు కమ్ముతన్నాయంట. నెలలు కదా, నీరసం అనుకున్నాం."

ఫిజా గడప దాటింది. లోపల మంచం మీద తనకంటే ఒకటి రెండేళ్ళు పెద్దదేమో, ఒకమ్మాయి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మొహం ఉబ్బి ఉంది. పాదాలు దిబ్బల్లా వాచాయి.

"నాగవల్లిగారూ, ఇటు చూడండి. నా వేళ్ళు ఎన్ని కనిపిస్తున్నాయి?"

"రెండు" అంది నాగవల్లి నెమ్మదిగా. "మెరుపుల్లాగ వస్తన్నాయండి కళ్ళ ముందు. మీరెవరు?"

ఫిజా చూపిన వేళ్ళు రెండే. కానీ ఆ జవాబు ఆమెకి ఏ ధైర్యమూ ఇవ్వలేదు. నీళ్ళు ఇచ్చి మింగమంది. నాగవల్లి మింగింది. అయినా ఫిజా బయటికి వచ్చి నూట ఎనిమిదికి ఫోన్ చేసింది. వెంకటనరసమ్మ అడ్డం వచ్చింది. కొడుకు లారీ మీద హౌరా వెళ్ళాడనీ, వాడు లేకుండా ఆసుపత్రులు తిరగలేననీ, ఒక మాత్ర వేస్తే పోయే తలనొప్పేననీ అంది.

"పిన్నిగారూ, నేను తప్పు చేశాను. ఆ తప్పువల్ల కాకపోతే అందరికంటే ముందు నేనే సంతోషిస్తాను. కానీ ఆవిణ్ణి ఇప్పుడు ఇక్కడ ఉంచకూడదండి."

కనకమ్మ కూడా నాగవల్లి పాదాలు చూసి, అంబులెన్సు వచ్చేలోపు చీరలు మూటగట్టింది. అత్తగారు చివరికి చెప్పులు వేసుకుంది గానీ దారంతా ఫిజా కేసి చూడలేదు.

గుడివాడ ఆసుపత్రిలో లేడీ డాక్టరు పరీక్ష చేస్తున్నంతసేపూ ఫిజా పక్కన నిలబడి పచ్చడి సంగతంతా చెప్పింది. మీటరు అంకెతో సహా ఏదీ దాచలేదు. డాక్టరు నాగవల్లి రెప్పలు ఎత్తి చూసింది, మాట్లాడించింది, చేతులు పట్టుకుని గుంజమంది. తరవాత బీపీ చూసింది. ఇంకోసారి చూసింది. నర్సుని పిలిచి ఇంజక్షను చెప్పి, ఫిజాని వరండాలోకి తీసుకెళ్ళింది.

"నువ్వు భయపడింది కాదమ్మా. రెప్పలు బాగున్నాయి, మింగుతోంది, కండరాల్లో బలం ఉంది. ఇది బీపీ. నూటెనభై దాటిపోయింది. ఇవాళ రాకపోయుంటే ఫిట్స్ వచ్చేసేవి. ఆపరేషన్ చేసి బిడ్డని తియ్యాలి."

భయం తీరినట్టయి ఫిజా లోపలికి వెళ్ళబోయింది.

"ఆగు. ఆ సీసా ఉందా నీ దగ్గర?"

నాగవల్లి ఇంట్లోంచి తెచ్చిన సీసాని సంచిలోంచి తీసి ఇచ్చింది. అడుగున కాస్త పచ్చడి మిగిలి ఉంది. డాక్టరు లేబులు చదివింది.

"ఉప్పు తక్కువ. ఎంత తక్కువ?"

"ఇదివరకటి దాంట్లో సగం అండి."

"దేంట్లో సగమైతే ఏం, ఇంకా ఉప్పు పచ్చడే కదా. బీపీ ఉన్న మనిషికి ఉప్పు మానమని మేము చెబుతాం. ఆవిడ నీ సీసా మీద ఈ ముక్క చదివి, ఇది మందులాంటిదనుకుని మూడుపూటలా తింది. ఈ బీపీ నీ పచ్చడివల్లే పెరిగిందని నేను చెప్పలేను. ఈ జబ్బు ఉప్పు తినకపోయినా వస్తుంది. అలాగని నీ పచ్చడి ఏమీ చెయ్యలేదనీ చెప్పలేను. నువ్వేం చదువుతున్నావు?"

ఫిజా కోర్సు పేరు చెప్పింది. డాక్టరు లోపలికి వెళ్ళిపోయింది.

నిన్నట్నుంచీ ఫిజా సీసా లోపలి అంకెకే భయపడింది. బయట అంటించిన కాగితం గురించి ఒక్కసారీ అనుమానం రాలేదు. ఆ వాక్యానికి క్లాసులో సారు చప్పట్లు కొట్టించాడు.

మధ్యాహ్నం రెండు దాటాక ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువ. అద్దాల పెట్టెలో పెట్టారు. నాగవల్లికి స్పృహ వచ్చింది, బీపీ ఇంకా దిగలేదన్నారు. వెంకటనరసమ్మ బెంచీ మీద కూర్చుని, ఎవరో పలకరిస్తే, ఏలూరు పచ్చడి తిని కోడలు చావుదాకా వెళ్ళొచ్చిందని చెబుతోంది. డాక్టరు అలా చెప్పలేదని ఫిజా అనలేదు. కిందికెళ్ళి పాలు, బ్రెడ్డు తెచ్చి ఆవిడ పక్కన పెట్టింది. ఆవిడ పాలు తాగింది. ఇంక నువ్వెళ్ళమ్మా అంది.

మర్నాడు లంకలో మార్తమ్మ ఇంటికి వెళ్ళింది. తొమ్మిదిమందీ వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఫిజా మొదట్నుంచీ చెప్పింది. పులుపు తగ్గించమన్నది తనేననీ, నిలవుంటుందా అని మార్తమ్మ అడిగితే తెలియకుండానే ఉంటుందని చెప్పింది తనేననీ, లేబులు మీద మాట కూడా తనదేననీ చెప్పింది. షాపులు ఇంక సరుకు పెట్టుకోవన్న సంగతీ దాచలేదు.

మార్తమ్మే ముందుగా అంది. "నేనడిగాను కదండి ఫిజమ్మగారూ. సదువుకున్నోరు, మాకంటే తెలుత్తాదిలే అనుకున్నాం."

"అవునండి."

"ఆ పిల్ల బతికిద్దా?"

"బతుకుతుందంటున్నారు. ఇంకా పెట్టెలోనే ఉంది."

"మేం ప్రార్థన చేత్తాం" అని మార్తమ్మ లేచింది. మిగతావాళ్ళలో ఇద్దరు పచ్చడి మానేసి రొయ్యల షెడ్డుకి పోతామన్నారు. మార్తమ్మ వాళ్ళని ఆపలేదు. తను మాత్రం పాత కొలతతోనే చేస్తాననీ, సంతలోనే అమ్ముకుంటాననీ అంది. "పరీచ్చ చేసి చెప్పేదాకా ఒక్క సీసా కదలదు. ఆ పరీచ్చ వరకు మీరు చెయ్యాలి. ఇంక అమ్మిపెట్టొద్దులెండి."

వెనక్కి వచ్చిన సీసాలన్నిటినీ రాజకుమారి మేడమ్ ల్యాబులో ఉడికించి పాతిపెట్టించింది. అంతకుముందే కొన్నిట్లోంచి తీసి పరీక్షకి పంపింది. రెండు వారాలకి జవాబు వచ్చింది. విషం లేదు. పంపిన సీసాల్లో లేదు అని మేడమ్ సరిదిద్దింది. మిగిలినవాటి సంగతి ఎప్పటికీ తెలియదు.

ప్రాజెక్టు రిపోర్టులో ఫిజా ఈ సంగతంతా ఒక అధ్యాయంగా రాసింది. నరసింహమూర్తి సారు దగ్గరికి సంతకానికి తీసుకెళ్ళేటప్పుడు, ఈ అధ్యాయం తీసెయ్ అంటాడనీ, తియ్యనంటే సంతకం పెట్టడనీ, ఏడాది పోతుందనీ తోట దాటేంతసేపూ ఆలోచిస్తూ నడిచింది. ఆయన ఆ ఇరవై పేజీలూ ఆమెని ఎదురుగా నిలబెట్టే చదివాడు. పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టేశాడు.

"ఇందులో ఒకటి తక్కువైంది."

"ఏంటి సార్?"

"సగానికి తగ్గించమన్నది నేను. కారణం చెప్పొద్దన్నదీ నేనే. అది రాయలేదు నువ్వు. రాసి తీసుకురా, సంతకం పెడతాను."

వైవాలో బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి చాలా ప్రశ్నలు వేశాడు. అమ్మకాల పెరుగుదల పట్టికే లేని మార్కెటింగ్ ప్రాజెక్టు ఏంటని ఒకసారి నవ్వాడు కూడా. ఫిజా రెండో తరగతిలో పాసైంది. మొదటి తరగతి వస్తుందనుకున్న తండ్రికి ఆ మాట చెప్పడానికి రెండు రోజులు పట్టింది. జిలానీ విని, పాపకి బాగానే ఉందా అని మాత్రం అడిగాడు. నాగవల్లి కూతురి సంగతి.

పాప నెల తరవాత ఇంటికెళ్ళిందని కనకమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ పై వారం ఏదో కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. గొంతు పోల్చుకోవడానికి ఫిజాకి కాసేపు పట్టింది.

"నేనండి, నాగవల్లిని. కనకమ్మగారు మీ నంబరిచ్చారు. మా అత్తగారికి తెలీదు, చేశానని."

"బాగున్నారా అండీ? పాప బాగుందా?"

"బాగుందండి, పాలు తాగుతోంది. ఒకటి అడుగుదామని చేశాను. నాకు బీపీ ఇంకా తగ్గలేదండి, ఉప్పు ఇంకో రెండు నెలలు తగ్గించే తినమన్నారు. డాక్టరుగారు గబగబా చెప్పేస్తారు, నాకు గుర్తుండవు. ప్యాకెట్ల మీద ఏవేవో రాసుంటాయి. మీరు చదువుకున్నారు కదండీ. ఏది తినొచ్చో, ఏది తినకూడదో కాస్త చెబుతారా? రాసుకుంటాను. పెన్ను పట్టుకునే ఉన్నాను."

ఫిజా గోడకి ఆనుకుని నిలబడింది. చెప్పడానికి చాలా తెలుసు. ఏ ప్యాకెట్లో ఎంత ఉప్పుంటుందో, ఏ మాటకి అర్థం ఏంటో పుస్తకాల్లో చదివిందంతా వరసగా నోటిదాకా వచ్చింది. అవతల పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్న మనిషి, ఏం చెప్పినా రాసుకుంటుంది. రాసుకున్నది తింటుంది.

"ఇప్పుడే ఏమీ రాసుకోకండి నాగవల్లిగారూ" అంది. "రేపు గుడివాడ వెళ్ళి మీ డాక్టరుగారిని అడిగి, ఆవిడ సరేనన్నవే రాసి మీకు తెచ్చిస్తాను. అందాకా ప్యాకెట్లో దొరికేది ఏదీ తినకండి. తెచ్చేదాకా ఆగుతారా?"

"ఆగుతానండి" అంది నాగవల్లి.